ఏకాంతానికి ఇద్దరు సాక్షులు

తామరపట్నం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వకుళ చేసిన నేరం ఒక్కటే. మధ్యాహ్నం భోజనాల వేళ నోరు మూసుకుని పుస్తకం చదువుకుంది. గ్రంథాలయంలో పుస్తకం చదవడం నేరమా అని మీరడగవచ్చు. పాఠకులు చదివితే కాదు. ఉద్యోగులు చదివితే మాత్రం అది విధినిర్వహణలో అలసత్వమని అక్కడి పెద్దల అభిప్రాయం.

పాపం, ఆవిడకు చదువుకోవడానికి మరో చోటు లేదు. భర్త సారథి పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాడు. ముందుగదిలో ఒక బ్యాచి, వెనక వరండాలో ఒక బ్యాచి, మధ్యగదిలో అత్తగారి సీరియళ్లు. తెల్లారింది మొదలు పడుకునేదాకా ఆ ఇంట్లో ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని హెచ్చవేస్తూనో, ఎవరినో ఒకరిని శపిస్తూనో ఉంటారు. అందుకే గ్రంథాలయం వెనక పాత పేపర్ల కట్టలు పడేసే గదిని వకుళ చూసిపెట్టుకుంది. దుమ్ముకు భయపడి అటు ఎవరూ తొంగిచూడరు. రోజూ ఒక గంట అక్కడ కూర్చుని, కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ ‘నల్లకొండ దినచర్య’ చదివేది.

ఆ పుస్తకం రాసింది నిడమర్తి అచ్యుతం అనే ఆయన. తాతల కాలంలో అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. నల్లకొండ మీద పెంకుటి గదిలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండి, అడవి అంటుకుంటే కిందికి కబురు పంపడం ఆయన పని. అంటుకోని రోజుల్లో పని లేదు కాబట్టి దినచర్య రాసుకున్నాడు. “ఇవాళ కూడా ఎవరూ రాలేదు. గోడవార బీరపాదు పూసింది.” “ఎలుగుబంటి వచ్చింది. నన్ను చూసి వెళ్లిపోయింది. దానికీ ఏదో పని ఉన్నట్టుంది.” “వాన. మాట్లాడాలనిపించింది. బీరపాదుతో మాట్లాడాను. మధ్యలో అడ్డురాకుండా వింది.” ఇలా ఉంటుంది వరస. వకుళ ఈ పుస్తకాన్ని మూడోసారి చదువుతోంది. ఆ గంట చాలు, మిగతా రోజంతా ఎంతమంది ఎంత అరిచినా ఆవిడ చిరునవ్వుతో నెట్టుకొచ్చేది.

ఆ గంట మీదికి ఒకరోజు కమిషనర్ ప్రద్యుమ్న గారు వచ్చిపడ్డారు. కొత్తగా శాఖకు వచ్చిన మనిషి. ఇంతకుముందు పశుసంవర్ధక శాఖలో గేదెలకు ప్రాణాయామం ప్రవేశపెట్టి పేరు తెచ్చుకున్నారు. తనిఖీ మధ్యలో చేతులు కడుక్కునే చోటు వెతుక్కుంటూ పాత పేపర్ల గది తలుపు తోశారు. వెనకే డిప్యూటీ డైరెక్టర్ భీమశంకరం గారు. ఎదురుగా నోట్లో ముద్దతో వకుళ.

“ఏం చేస్తున్నారమ్మా ఇక్కడ?” అన్నారు కమిషనర్.

“ఏం లేద్సార్.”

“ఒక్కరే?”

“ఒక్కదాన్నే సార్.”

భీమశంకరం గారు అప్పటికే మనసులో మెమో రాసేస్తున్నారు. కమిషనర్ గారు మాత్రం పుస్తకం తీసుకుని నిలబడే ఒక పేజీ చదివారు. ఇంకోటి చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“భీమశంకరం గారూ, ఈ రోజుల్లో ఏకాంతం ఎక్కడుందండీ?”

“మన జిల్లాలో పుష్కలంగా ఉంది సార్. స్టాకు చూసి చెప్తాను.”

“లేదండీ, ఎక్కడా లేదు. సెల్‌ఫోన్లతో మనుషుల మనసులు ముక్కలైపోయాయి. ప్రతి ఉద్యోగీ ఈ పుస్తకం చదవాలి. ఒంటరిగా చదవాలి. అందరూ చదవాలి. ఒకేసారి చదవాలి!”

మెమో తప్పినందుకు వకుళ ఎంత సంబరపడిందో చెప్పలేం. పైగా ఇకనుంచి తన గంటకు సర్కారు అండ కూడా దొరికిందనుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆవిడకు తెలియక కాదు, ఆ క్షణాన గుర్తురాలేదంతే.

వారం తిరక్కుండా ‘ఏకాంత వికాస పథకం’ వచ్చింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నిబంధనల కంటే ముందు చిహ్నం వచ్చింది. చెట్టు కింద ఒక మనిషి, ఆ మనిషి చుట్టూ అతన్ని అభినందిస్తున్న ఎనిమిదిమంది. జిల్లాలో దాన్ని నడిపించే నోడల్ అధికారి వకుళ. ఆవిడ జీతం పెరగలేదు, కుర్చీ మారలేదు. మారింది మధ్యాహ్నపు గంట మాత్రమే. ఆ గంటలో రోజూ సమీక్షా సమావేశం పెట్టారు.

మొదటి సమావేశంలోనే వకుళ నిబంధనల కాగితం పట్టుకుని లేచింది.

“సార్, ఇందులో ఏకాంతంగా చదివినట్టు ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలని ఉంది. వాళ్లు మొదట్నుంచీ చివరిదాకా పక్కనే ఉండాలట.”

“ఉండాలి మరి,” అన్నారు భీమశంకరం.

“పక్కన ఇద్దరుంటే ఏకాంతం ఎలా అవుతుంది సార్?”

భీమశంకరం గారు జాలిగా చూశారు. “అమ్మా వకుళా, ఎవరూ చూడని ఏకాంతానికి ఆధారమేదీ? రేపు ఆడిట్ వాళ్లొచ్చి, ఈయన ఒంటరిగా ఉన్నాడని మేమెలా నమ్మేదంటే ఏం చూపిస్తాం? చావుపుట్టుకలకే ధ్రువీకరణ కావాలి, ఏకాంతమేమన్నా వాటికన్నా గొప్పదా? ఆ కింద చదవండి. ‘సాక్షులను అరణ్యములో అంతర్భాగముగా పరిగణించవలెను.’ వాళ్లు మనుషులు కారమ్మా, చెట్లు.”

“మరి ఆ సాక్షులు కూడా ఉద్యోగులే కదా సార్. వాళ్లకూ ఏకాంతం కావాలి కదా?”

“ఆ సంగతీ ఆలోచించాం. ఒకరికొకరు సాక్షులు. మీరు ఏకాంతంలో ఉన్నప్పుడు వాళ్లు చెట్లు, వాళ్లు ఏకాంతంలో ఉన్నప్పుడు మీరు చెట్టు. అందర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. కాలయాపన ఉండదు.”

ఆ ఒకే గది ఏదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పాత పేపర్లను తూకానికి అమ్మేశారు. గోడలకు ఆకుపచ్చ రంగు వేశారు. ప్లాస్టిక్ చెట్లు తెచ్చారు, కోయిల కూతకు స్పీకరు పెట్టారు, నలభై కుర్చీలు వేసి ‘అరణ్య మందిరం’ అని బోర్డు తగిలించారు. రంగు ఆరకముందే మునిసిపాలిటీ వాళ్లు మొదటి బ్యాచిగా వచ్చి వీపులకు ఆకుపచ్చ అంటించుకుని పోయారు.

పుస్తకం ఒక్కటే ప్రతి. చదవాల్సినవాళ్లు నలభైమంది. దానికీ మార్గం దొరికింది. నోడల్ అధికారి మైకులో చదువుతుంది, మిగతావాళ్లు ఎవరికివారు ఒంటరిగా చదువుతున్నట్టు భావిస్తూ వింటారు. వకుళ మైకు ముందు నిలబడి, “ఇవాళ కూడా ఎవరూ రాలేదు,” అని గట్టిగా చదివేది. వెనక వరసలో బఠాణీలు నములుతున్న చప్పుడు వినిపించేది. “ఎవరూ రాలేదంట, కొంచెం జరగండి,” అని ఆలస్యంగా వచ్చినవాళ్లు కుర్చీల్లో ఇరుక్కునేవారు. పావుగంటకోసారి అందరూ దగ్గరగా జరిగి, ఏకాంతంలో ఉన్నట్టు ఫోటో దిగి పైకి పంపాలి. ఫోటోలో ఎవరైనా తప్పిపోతే ఆ మనిషి ఏకాంతంలో లేనట్టు లెక్క.

తర్వాత కమిషనర్ గారు ఫోటోలు చూసి, అడవి ఉంది గానీ ఎలుగుబంటి లేదే అన్నారు. అటెండరు ఏసేబును పిలిచి నల్ల కంబళి ఇచ్చారు.

“అమ్మగారూ, నేనెప్పుడు రావాలండి?” అని అడిగాడు ఏసేబు.

“పుస్తకంలో ఎలుగుబంటి వచ్చినప్పుడు.”

“వచ్చి ఏం చెయ్యాలండి?”

“అందర్నీ చూసి వెళ్లిపోవాలి.”

“అంతేనా? ఇప్పుడు నేను చేసేదీ అదే కదండి. కంబళెందుకు?” అన్నాడు ఏసేబు. కానీ ఆజ్ఞ ఆజ్ఞే. ఎండాకాలం నాలుగు వారాలు ఆ కంబళిలో ఉడికాడు. పైగా జంతుపాత్రకు సెలవు మంజూరు చేసే అధికారం ఎవరిదో తేలక, ఆదివారాలు కూడా రావలసి వచ్చింది.

పథకంలో రెండో అంచె, విన్నవాళ్లంతా ఎవరి ఏకాంత దినచర్య వాళ్లు రాయడం. నలభైమందీ ఒకే గదిలో, ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగులుతూ కూర్చుని రాశారు. వకుళ ఇంటికి తీసుకెళ్లి దిద్దింది. పంచాయతీ కార్యదర్శి “ఇవాళ కూడా ఎవరూ రాలేదు, గోడవార బీరపాదు పూసింది” అని రాశాడు. ఆయన పక్కన కూర్చున్న శానిటరీ ఇన్‌స్పెక్టరు గోడవారా అదే బీరపాదు పూసింది. ఆ వెనకాయన తొందరలో ఎక్కించుకున్నట్టున్నాడు, బీరపాదు వచ్చిందనీ ఎవరూ పూయలేదనీ రాశాడు. మొత్తం జిల్లాలో నాలుగువేలమంది ఇళ్ల గోడలవారా బీరపాదులు పూశాయి. వీటి ఆధారంగా జిల్లాలో బీర సాగు విస్తీర్ణం పెరిగినట్టు వ్యవసాయ శాఖ ఒక నివేదిక కూడా తయారుచేసిందని చెప్పుకున్నారు.

వకుళ సంగతి చెప్పాలంటే, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపంలా ఉంది. చెట్లుగా కూర్చోలేక ఉద్యోగులు ఆవిడనే తిట్టుకుంటున్నారు, అంకెలు చాలలేదని పైవాళ్లు ఆవిడనే తిడుతున్నారు. అన్నం నిలబడి తింటోంది. కనీసం పుస్తకం ఇంటికి తీసుకెళ్లి మిద్దె మీద చదువుకుందామంటే, దాన్ని వారసత్వ సంపదగా ప్రకటించి అద్దాల బీరువాలో పెట్టారు. మైకులో చదివే గంట బయటికి తీయడం, మళ్లీ తాళం వేయడం. నాలుగువేలమందికి వినిపించిన ఆ మాటలు ఆవిడ చెవికే ఇప్పుడు చచ్చు మాటల్లా వినపడుతున్నాయి. తనకిష్టమైన పుస్తకాన్ని తన నోటితోనే పాడుచేయించారే అని వకుళకు ఒళ్లు మండింది. ఆ మంట ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

ప్రజల కోసం పుస్తకాన్ని మళ్లీ అచ్చువేయించారు. వకుళ ఆశగా తెరిచి చూసింది. ముప్ఫై పేజీల ముందుమాటలు, సందేశాలు, పెద్దల ఫోటోలు. చిట్టచివర అరపేజీ దినచర్య, దాని కింద ‘స్థలాభావము వలన సంక్షిప్తము’ అని ఉంది.

వేసవి చివర్లో అంకెలు తేలాయి. జిల్లాలో ఉద్యోగులంతా నూటికి నూరుపాళ్లు ఏకాంతం సాధించారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు నోడల్ అధికారి. రోజూ మైకులో చదువుతూ నిలబడింది గానీ, కుర్చీలో కూర్చుని సాక్షుల మధ్య ఒంటరిగా ఉన్న దాఖలా ఒక్కటీ లేదు. ఆవిడకు మెమో వచ్చింది. భీమశంకరం గారు విచారణ జరిపారు.

“ఒక్కసారైనా ఏకాంతంలో ఉన్నారా?”

“ఈ పథకం వచ్చాక ఒక్క నిమిషం కూడా లేను సార్.”

“నేరం ఒప్పుకున్నట్టు రాసుకోండి. బూరుగుగొంది శాఖా గ్రంథాలయానికి బదిలీ.”

బూరుగుగొంది అంటే నల్లకొండ దిగువన చిన్న ఊరు. ఒక్క గది, ఒక్క ఉద్యోగి. సంత రోజున నలుగురు పాఠకులొస్తే వస్తారు. అక్కడికి వెయ్యగానే అందరూ సెలవు పెట్టి మంచమెక్కుతారు కాబట్టి ఆ పోస్టు ఎప్పుడూ ఖాళీ. ఆ పేరు వినగానే వకుళ గుండె ఝల్లుమంది. భయంతో కాదు. నోరు విప్పితే ఎక్కడ నవ్వు వస్తుందోనని తల దించుకుంది.

దించిన తలను ఉద్యోగ సంఘం నాయకుడు బసవలింగం చూశాడు. సాయంత్రానికల్లా గేటు ముందు టెంటు లేచింది.

“వద్దన్నా,” అంది వకుళ పరుగున వచ్చి. “నేనెళ్తాను. నాకు ఇష్టమే.”

“నువ్వూరుకో అక్కా. మేం చచ్చామనుకున్నావా? ఆడకూతుర్ని ఒంటరిగా కొండకిందికి తోస్తారా?”

“నాకు కావాల్సిందే అది. ఒంటరిగా ఉండటం.”

బసవలింగం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “చూశారా తమ్ముళ్లూ! ఎంత వేధించారంటే, ఆవిడ నోటితోనే ఇలా అనిపిస్తున్నారు!” అని మైకు అందుకున్నాడు. మూడు రోజుల ధర్నా తర్వాత మానవతా దృక్పథంతో బదిలీ రద్దయింది. వకుళకు దండ వేసి, డప్పులతో ఊరేగించి అరణ్య మందిరంలో దింపారు. ఆ రాత్రి ఆవిడ నిజంగానే ఏడ్చింది. ఇంట్లో రెండు ట్యూషన్ బ్యాచిల మధ్య సందులో నిలబడి ఏడ్చింది కాబట్టి ఎవరూ గమనించలేదు.

అప్పటికి రాష్ట్రస్థాయి ‘సామూహిక ఏకాంత మహోత్సవం’ ఖాయమైంది. వేదిక తామరపట్నం స్టేడియం. ఊరూరి నుంచీ బస్సులు పెట్టి జనాన్ని తోలారు. ఏకాంతానికి వచ్చినవాళ్లందరికీ పులిహోర పొట్లం, మజ్జిగ ప్యాకెట్టు. వేదిక మీద మంత్రిగారు, కమిషనర్ గారు, వాళ్ల వెనక యాభై కుర్చీలు. పథకం విజయానికి సహకరించినందుకు బసవలింగానికి ‘ఏకాంత భూషణ’ బిరుదిచ్చి శాలువా కప్పారు. కప్పినంతసేపూ ఆయన చేతులు జోడించే ఉన్నాడు.

“సోదర సోదరీమణులారా,” అన్నారు మంత్రిగారు, “ఇంతమంది ఒంటరివాళ్లను ఒక్కచోట చూడటం నా అదృష్టం. ఒంటరితనంలో మీరు ఒంటరివారు కారు. ప్రభుత్వం మీ వెంటే ఉంది. మీరెక్కడ ఏకాంతంలో ఉంటే అక్కడికి మేమొస్తాం!”

చప్పట్లు ఆగాక వందన సమర్పణకు వకుళను పిలిచారు. చేతిలో పేర్ల చీటీ పెట్టారు, గారు అనే మాట ఎవరికీ తప్పకూడదని చెవిలో చెప్పారు. వకుళ మైకు ముందుకొచ్చింది. చీటీ చూసింది, స్టేడియం చూసింది. ఎండలో వేలమంది పులిహోర పొట్లాల కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు, స్పీకర్లలో కోయిల కూస్తోంది, ఏసేబు కంబళిలో చెమటలు కక్కుతూ మంత్రిగారి వైపు చూసి వెళ్లిపోతున్నాడు. బతిమాలితే అడిగింది ఇవ్వరు, ఏడిస్తే కాపాడతారు. ఈ వ్యవస్థలో మిగిలిన దారి ఒక్కటేనని ఆవిడకు తోచింది.

“అందరికీ నమస్కారం,” అంది. “ఇక్కడ ఎవరూ ఒంటరిగా లేరు. ఈ నాలుగు నెలల్లో ఎవరూ ఒంటరిగా లేరు, ఎవరూ ఆ పుస్తకం చదవలేదు. చదివితే గొప్ప పుస్తకమండీ అది. రోజూ ఒక్క గంట, ఎవరూ చూడకుండా చదువుకునేదాన్ని. ఆ గంట మీరు తీసేసుకున్నారు. మీకేమన్నా ఉపయోగపడిందా అంటే అదీ లేదు. నా గంట నాకిచ్చెయ్యండి.”

స్టేడియం చప్పబడిపోయింది. అంతమంది ఒకేసారి నోరు మూసుకోవడం ఆ పథకంలో అదే మొదలు. చివరి వరసలో ఒక ముసలావిడ, “నిజమే కదర్రా,” అని పైకే అంది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, పక్కన తమ శాఖాధికారి కూర్చున్నాడని చూసుకుని ఆగారు. మంత్రిగారు గడియారం చూసుకున్నారు. భీమశంకరం గారు గభాల్న జాతీయగీతం పెట్టించారు.

ఆ సాయంత్రం కమిషనర్ గారి ముందు వకుళ నిలబడింది. ఈసారి బసవలింగం ఎక్కడా కనిపించలేదు. శాలువా ఇంట్లో పెట్టి వస్తానని వెళ్లినవాడు ఇంట్లోనే ఉండిపోయాడట.

“మీ వల్ల రాష్ట్రం పరువు పోయింది,” అన్నారు కమిషనర్ గారు. “మిమ్మల్ని నమ్మి పథకం పెట్టాను. ఏకాంతం విలువ మీకు ఏమన్నా తెలుసా?”

వకుళ, ఇక్కడ ఒక్క మాట ఎక్కువైనా మళ్లీ జాలిపడతారేమోనని భయపడింది.

“ఆ పుస్తకం కూడా నాకు కనపడకూడదు. అది చదివినవాళ్లు ఎలా తయారవుతారో చూశాం. ఆవిడతోపాటే బూరుగుగొందికి పంపించెయ్యండి దాన్ని,” అన్నారాయన భీమశంకరం గారితో.

ఇంట్లో ఈ సంగతి చెబితే సారథి కాసేపు ఆలోచించాడు. “శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లొచ్చులే. బస్సు ఉంది,” అన్నాడు. తర్వాత మెల్లిగా, “వంటగదిలో ఇంకో బ్యాచి పడుతుందంటావా?” అని అడిగాడు. అత్తగారు మాత్రం సీరియల్ ఆపి కోడల్ని దగ్గరికి తీసుకుంది. పెళ్లయ్యాక ఆవిడ సీరియల్ ఆపడం అదే మొదలు కాబట్టి వకుళకు నిజంగానే మనసు చివుక్కుమంది.

మర్నాడు బస్టాండుకు గ్రంథాలయం వాళ్లంతా వచ్చారు. ఏసేబు సంచి మోసుకొచ్చి సీటు కింద పెట్టాడు. బస్సు కదిలేముందు భీమశంకరం గారు కిటికీలోంచి ఉత్తర్వు కాగితం అందించి, “ధైర్యంగా ఉండమ్మా, నా చేతుల్లో ఏం లేదు,” అన్నారు. వకుళ కాగితం విప్పి చదివింది.

‘సదరు ఉద్యోగిని ఏకాంతమునకు పూర్తిగా అనర్హురాలని విచారణలో తేలినందున, ఆమెను ఏకాంత వికాస పథకము నుండి తక్షణమే తొలగించి, మరెవ్వరును లేని బూరుగుగొంది శాఖలో, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, ఒంటరిగా పనిచేయవలసినదిగా ఇందుమూలముగా శిక్షించడమైనది.’

రెండోసారి చదివేసరికి ఆవిడ వల్ల కాలేదు. చీరకొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. కింద నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. “పాపం, ఎలా ఏడుస్తోందో చూడండి,” అన్నారెవరో. బస్సు మలుపు తిరిగేదాకా వకుళ కొంగు తీయలేదు.